ఇంగ్లీషు పేపర్లో కంజంక్షన్, ఇడియం బిట్లు ఎలా తేల్చాలి

కంజంక్షన్ బిట్టు, అంటే రెండు మాటల్ని కలిపే మాట అడిగే బిట్టు, కనపడగానే వాక్యాన్ని తెలుగులోకి తిప్పుకోకండి. అది తర్వాతి పని. ముందు ఖాళీకి అటూ ఇటూ ఏముందో చూడండి. కావలిలోనో కనిగిరిలోనో తెలుగు మీడియంలో చదువుకుని, ఇప్పుడు నెల్లూరులోనో ఒంగోలులోనో గది తీసుకుని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల ఎస్సెస్సీ పరీక్షలకీ బ్యాంకు పరీక్షలకీ కూర్చుంటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీకు ఈ బిట్లలో మార్కులు పోయేది చాలావరకు మీ తెలుగు బాగుండబట్టే. తెలుగులో రెండు మాటల్ని కలిపే పని క్రియ తోకలోనే అయిపోతుంది: కురిసినా, రాకపోతే, రాగానే, వచ్చేదాకా. ఇంగ్లీషులో ఆ పనికి విడిగా ఒక మాట ఉంటుంది, కొన్నిటికి ఒక తోడు మాట కూడా ఉంటుంది, తర్వాత ఏం రావాలో ఒక కట్టుబాటు ఉంటుంది. పేపరు పెట్టేవాళ్ళు అడిగేది ఆ కట్టుబాటునే. అర్థం చూసి పోతే నాలుగు ఆప్షన్లలో రెండు మూడు సరిపోయినట్టే కనిపిస్తాయి.

మొదటి అడుగు: ఖాళీ తర్వాత క్రియ ఉందా?

ఈ వాక్యం చూడండి. "ద బోట్స్ డిడ్ నాట్ గో టు సీ ____ ద సైక్లోన్ వార్నింగ్." ఆప్షన్లు: బికాజ్, బికాజ్ ఆఫ్, యాజ్, సో. తుపాను హెచ్చరిక వల్ల పడవలు పోలేదు, అంతే కదా. కానీ మన "వల్ల" దేనికైనా అతుక్కుంటుంది: హెచ్చరిక వల్ల, హెచ్చరిక రావడం వల్ల. ఇంగ్లీషుకి ఆ వెసులుబాటు లేదు. ఖాళీ తర్వాత ఉన్నది "ద సైక్లోన్ వార్నింగ్" అనే నామవాచకం ఒక్కటే, దానికి క్రియ లేదు. కాబట్టి బికాజ్ ఆఫ్. అదే "ఎ వార్నింగ్ వాజ్ ఇష్యూడ్" అని ఉంటే కర్త, క్రియ రెండూ ఉన్నాయి, అప్పుడు బికాజ్ గానీ యాజ్ గానీ.

ఇక్కడ ఒక మెలిక పెడతారు. "____ ద వార్నింగ్ ఇష్యూడ్ బై ద కలెక్టర్" అని ఇస్తారు. "ఇష్యూడ్" కనపడగానే క్రియ ఉందనుకుని బికాజ్ పెట్టేస్తాం. ముందు వాజ్ గానీ హ్యాజ్ బీన్ గానీ లేకుండా, వెనక "బై" తగిలించుకుని వచ్చిన ఇష్యూడ్ వాక్యానికి క్రియ కాదు. "కలెక్టరు ఇచ్చిన హెచ్చరిక" అన్నప్పుడు "ఇచ్చిన" ఏ పని చేస్తుందో అదీ అదే చేస్తుంది. కాబట్టి మళ్ళీ బికాజ్ ఆఫే.

ఈ ఒక్క చూపుతో ఇంకో రెండు జతలు కూడా తేలిపోతాయి. ఆల్‌దో తర్వాత కర్త, క్రియ రావాలి. డిస్పైట్, ఇన్‌స్పైట్ ఆఫ్ తర్వాత నామవాచకమో ఐఎన్‌జీ రూపమో రావాలి. వైల్, డ్యూరింగ్ కూడా ఇంతే: "డ్యూరింగ్ ద ఎగ్జామ్", "వైల్ హి వాజ్ రైటింగ్ ద ఎగ్జామ్". డిస్పైట్ వెనక ఆఫ్ రాదు. "డిస్పైట్ ఆఫ్" అని, వాక్యంలో తప్పు పట్టమనే ఎర్రర్ స్పాటింగ్‌లో కనిపిస్తే వేరే భాగాలు చదవక్కర్లేదు, తప్పు దొరికినట్టే. "డిస్పైట్ ద ఫ్యాక్ట్ దట్" వస్తే మాత్రం తర్వాత పూర్తి వాక్యం రావచ్చు, కంగారు పడకండి.

రెండో అడుగు: తోడు మాట ఎక్కడుంది?

ఖాళీని వదిలేసి వాక్యం మొత్తం మీద కన్ను తిప్పండి. దాన్, వెన్, నార్, బట్ ఆల్సో, దట్, యెట్ లాంటి మాట ఎక్కడైనా ఉందా? ఉంటే సగం పని అయిపోయింది.

మనవాళ్ళు ఎక్కువగా పడే గుంట ఆల్‌దో, బట్ జంట. "ఆల్‌దో ఇట్ రెయిన్డ్ హెవీలీ ఇన్ కావలి, బట్ ద ట్రైన్ కేమ్ ఆన్ టైమ్." చెవికి ఎంత బాగుందో! కావలిలో వాన దంచికొట్టినా కూడా, బండి మాత్రం టైముకే వచ్చింది. తెలుగులో "కురిసినా" దగ్గర ఒకసారి, "మాత్రం" దగ్గర ఇంకోసారి ఎదురు తిప్పుతాం, ఎవరూ అడగరు. ఇంగ్లీషులో ఎదురు తిప్పే మాట ఒక్కటే ఉండాలి. ఆల్‌దో ఉంటే బట్ తీసెయ్యాలి, బట్ ఉంటే ఆల్‌దో తీసెయ్యాలి. యెట్ ఒక్కదాన్ని మాత్రం పరీక్ష కీలు ఒప్పుకుంటాయి: ఆల్‌దో ముందు వచ్చి, కామా తర్వాత యెట్ వస్తే సరే. "సిన్స్... సో", "బికాజ్... దేర్‌ఫోర్" కూడా ఇదే తరహా తప్పులు. కారణం ఒకసారి చెబితే చాలు.

తర్వాత "రాగానే" గొడవ. మనకు "గానే" ఒక్కటి చాలు, బస్సు రాగానే ఎక్కేశారు. ఇంగ్లీషులో మూడు దారులున్నాయి. నో సూనర్ అంటే వెనక దాన్. హార్డ్‌లీ, స్కేర్స్‌లీ అంటే వెనక వెన్. యాజ్ సూన్ యాజ్ అంటే వెనక ఏమీ అక్కర్లేదు, కామా చాలు. నో సూనర్‌కి వెన్ తగిలించి ఇవ్వడం, హార్డ్‌లీకి దాన్ తగిలించి ఇవ్వడం ఏళ్ళ తరబడి నడుస్తున్న ఎత్తు. బట్టీ పట్టకుండా గుర్తుండాలంటే ఇలా చూడండి: సూనర్‌లో ఉన్నది పోలిక రూపం, బిగ్గర్, టాలర్ లాంటిదే. పోలిక వచ్చినచోట దాన్ రాక తప్పదు. హార్డ్‌లీలో పోలిక లేదు, కాబట్టి దాన్‌కి అక్కడ పని లేదు.

ఈ రెండూ వాక్యం మొదట్లో వస్తే కర్తకంటే ముందు సహాయక క్రియ వస్తుంది. "నో సూనర్ డిడ్ ద బస్ రీచ్ ఒంగోల్ దాన్ ద ప్యాసెంజర్స్ గాట్ డౌన్." డిడ్ వచ్చింది కాబట్టి రీచ్ అలాగే ఉంది. హ్యాడ్ పెడితే "హ్యాడ్ ద బస్ రీచ్డ్" అవుతుంది. "నో సూనర్ ద బస్ రీచ్డ్" అని తిన్నగా పోతే తప్పు.

మిగతా జంటలు గబగబా చెప్పేస్తాను. బోత్ ఉంటే యాండ్. బోత్ వెనక యాజ్ వెల్ యాజ్ రాదు. ఈదర్‌కి ఆర్, నైదర్‌కి నార్. సో తర్వాత విశేషణం, దాని తర్వాత దట్: "ద క్రౌడ్ ఎట్ స్వర్ణాల చెరువు వాజ్ సో బిగ్ దట్ ద బసెస్ స్టాప్డ్." అదే నామవాచకం కూడా కలిసి వస్తే సచ్: "సచ్ ఎ బిగ్ క్రౌడ్ దట్". వెదర్‌కి ఆర్. ఇఫ్, వెదర్ రెండూ ఆప్షన్లలో ఉంటే ఖాళీ ముందు ఆఫ్, అబౌట్ లాంటి ప్రిపొజిషన్ ఉందా, తర్వాత టు ఉందా చూడండి. ఉంటే వెదర్ తప్ప ఇంకోటి పడదు. "ద రీజన్ ఈజ్" తర్వాత బికాజ్ పెట్టరు, దట్ పెడతారు. రీజన్ అన్నాక కారణం చెప్పేసినట్టే కదా.

నాట్ ఓన్లీ, బట్ ఆల్సో దగ్గర మాత్రం కాస్త ఆగాలి. జంట సరిగ్గానే ఇచ్చి, ఉండాల్సిన చోట కాకుండా ఇంకోచోట కూర్చోబెడతారు. "హి నాట్ ఓన్లీ లాస్ట్ హిజ్ మనీ బట్ ఆల్సో హిజ్ ఫోన్." నాట్ ఓన్లీ వెనక క్రియ ఉంది, బట్ ఆల్సో వెనక వస్తువు ఉంది. రెండు వైపులా ఒకే రకం ఉండాలి. "హి లాస్ట్ నాట్ ఓన్లీ హిజ్ మనీ బట్ ఆల్సో హిజ్ ఫోన్" అంటే డబ్బు, ఫోను రెండూ వస్తువులే, తూకం సరిపోయింది. ఈదర్, నైదర్, బోత్‌లకి కూడా ఈ తూకం పరీక్ష పనికొస్తుంది. సెంటెన్స్ ఇంప్రూవ్‌మెంట్ బిట్లలో నాకు నచ్చిన ప్రశ్న ఇదే, ఎందుకంటే బట్టీ పట్టినవాడికంటే చూసి చదివినవాడికి దక్కుతుంది.

మూడో అడుగు: లేదు, కాదు అనే మాట లోపలే దాగుందా?

అన్‌లెస్, అన్‌టిల్, లెస్ట్. ఈ మూడు మాటలు వచ్చిన వాక్యంలో నాట్ ఎక్కడుందో వెతకండి.

నువ్వు రాకపోతే నేను పోను. దీన్ని ఇంగ్లీషులో పెట్టమంటే పది మందిలో సగం మంది "అన్‌లెస్ యు డు నాట్ కమ్" అనేస్తారు. "రాకపోతే"లో ఉన్న "క" మన మనసులో డు నాట్‌గా మారిపోతుంది. కానీ అన్‌లెస్ అంటేనే "అలా జరగకపోతే" అని. లేదు అన్న అర్థం దాని కడుపులోనే ఉంది. "అన్‌లెస్ యు కమ్, ఐ విల్ నాట్ గో." అన్‌లెస్ ఉన్న వైపు విల్ కూడా రాదు, ఇఫ్‌కి ఉన్న నియమమే.

అన్‌టిల్ ఇంకా చిక్కు, ఎందుకంటే తెలుగులో రెండు దారులూ ఉన్నాయి: "నువ్వు వచ్చేదాకా ఇక్కడే ఉంటా" అనీ అంటాం, "నువ్వు రానంతవరకు కదలను" అనీ అంటాం. రెండో వాక్యాన్ని అనుకున్నవాళ్ళు "అన్‌టిల్ యు డు నాట్ కమ్" రాస్తారు. ఇంగ్లీషు అన్‌టిల్‌కి "వచ్చేదాకా" దారి ఒక్కటే ఉంది. ఖాళీలో అన్‌టిల్ పెట్టాలా అన్‌లెస్ పెట్టాలా అని సందేహమొస్తే వాక్యం సమయం గురించి మాట్లాడుతోందా, షరతు గురించా అని అడగండి. గేటు తీసేదాకా ఆగడం అన్‌టిల్. గేటు తియ్యకపోతే వెనక్కి పోవడం అన్‌లెస్.

లెస్ట్ మాట్లాడేటప్పుడు ఎవరూ వాడరు, పరీక్షల్లో మాత్రం చావదు. "ఎక్కడ ఫెయిలవుతానో అని" అనే అర్థం. వెనక షుడ్ గానీ ఉత్త క్రియ గానీ వస్తుంది. "హి వర్క్డ్ హార్డ్ లెస్ట్ హి షుడ్ ఫెయిల్." ఇక్కడా నాట్ రాకూడదు.

నాలుగో అడుగు: ఇప్పుడు అర్థం

పై మూడు చూపులకీ లొంగని బిట్లు ఉంటాయి. అప్పుడే తెలుగులోకి తిప్పుకోండి. రెండు ముక్కలూ ఒకే దారిన పోతున్నాయా, ఎదురెదురుగా పోతున్నాయా, ఒకటి ఇంకోదానికి కారణమా, షరతా అని చూసుకుంటే చాలు.

క్రియ ఏకవచనమా బహువచనమా అన్నది చివర్లో ఒకసారి సరిచూసుకోండి. నైదర్, నార్ ఉంటే క్రియకి దగ్గరున్న కర్తను బట్టి: "నైదర్ ద ఓనర్ నార్ ద వర్కర్స్ వర్ ఎట్ ద పాండ్." యాజ్ వెల్ యాజ్ ఉంటే మొదటి కర్తను బట్టి: "ద ఓనర్ యాజ్ వెల్ యాజ్ ద వర్కర్స్ వాజ్ ఎట్ ద పాండ్." రొయ్యల చెరువు దగ్గర మనుషులు వాళ్ళే, క్రియ మాత్రం మారిపోయింది.

కట్టు మాటలు

ఇడియం అంటే సామెత లాంటిదే అనుకుంటాం. పరీక్షల్లో ఇంకో రకం కూడా ఉంది: ఫలానా మాట వెనక ఫలానా మాటే రావాలి, కారణం అడగకూడదు. ప్రిఫర్ వెనక టు, దాన్ కాదు: "ఐ ప్రిఫర్ ఫిష్ టు మటన్." సీనియర్, జూనియర్, సుపీరియర్ వెనక కూడా టు. వుడ్ రాదర్ వెనక మాత్రం దాన్. డిఫరెంట్ వెనక ఫ్రమ్. బిట్వీన్‌కి యాండ్, ఫ్రమ్‌కి టు. దుకాణాల ముందు, ఆసుపత్రుల ముందు "బిట్వీన్ 10 టు 1" అని రాసి పెడుతుంటారు. రోజూ చూసి చూసి కంటికి అదే సరైనదిగా అలవాటైపోతుంది. రిగార్డ్ వెనక యాజ్ ఉంటుంది, కన్సిడర్ వెనక యాజ్ పెట్టరు. "కాల్డ్ యాజ్" తప్పు, "నోన్ యాజ్" ఒప్పు. డిస్కస్ వెనక అబౌట్ రాదు, కోప్ వెనక అప్ రాదు. సెల్డమ్ వెనక "ఇఫ్ ఎవర్" గానీ "ఆర్ నెవర్" గానీ వస్తుంది, "ఆర్ ఎవర్" రాదు.

అమెరికావాళ్ళు "డిఫరెంట్ దాన్" అంటారు, సినిమాల్లో మీరూ వినుంటారు. నిజమే, కానీ మన పరీక్షల కీ పాత వ్యాకరణ పుస్తకాల దారిలోనే నడుస్తుంది. హాల్లో కూర్చుని దానితో వాదం పెట్టుకోకండి.

సామెతల్లాంటి ఇడియమ్స్

వీటి దగ్గర మూడు జాగ్రత్తలు. మొదటిది, మాటకి మాట అర్థం ఉన్న ఆప్షన్‌ను ముందే పక్కన పెట్టడం. "ఎ వైట్ ఎలిఫెంట్" అంటే తెల్ల ఏనుగు, అరుదైన జంతువు అని ఒక ఆప్షన్ ఇస్తారు. అది ఎర. ఖర్చు తప్ప పనికిరాని వస్తువు అన్నది జవాబు.

రెండోది చాలా ముఖ్యం. తెలుగులో అచ్చం అలాంటి మాటే ఉండి, అర్థం వేరైనవి. పేపరు పెట్టేవాళ్ళకి తెలుగు రాకపోవచ్చు గానీ, వాళ్ళిచ్చే తప్పు ఆప్షన్లు మన తెలుగుకి భలే అతుకుతాయి. "గివ్ ఎ హ్యాండ్" అంటే సాయం చెయ్యడం; మనకి చెయ్యివ్వడం అంటే నమ్మించి ముంచడం. సరిగ్గా ఎదురు. "పుట్ వన్స్ ఫుట్ డౌన్" అంటే పట్టుబట్టడం, ససేమిరా అనడం. మనం కాలుపెట్టడం అంటే అడుగుపెట్టడం అనుకుంటాం. "డ్రాగ్ వన్స్ ఫీట్" అంటే కావాలని జాప్యం చెయ్యడం. కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడంటే మనకి అలసిపోయి వచ్చాడని. "పుల్ వన్స్ లెగ్" అంటే ఆటపట్టించడం, పైకి పోయేవాణ్ణి కిందకి లాగడం కాదు. "సీ ఐ టు ఐ" అంటే ఏకాభిప్రాయం. "వర్త్ వన్స్ సాల్ట్" అంటే తన పనిలో సమర్థుడు. ఉప్పు తిన్న విశ్వాసం అనే ఆప్షన్ పక్కనే నవ్వుతూ కూర్చుంటుంది. శరీర భాగాలున్న ఇడియం కనపడితే ఇంకోసారి ఆలోచించండి, అనుమానం అక్కడే ఎక్కువ ఫలిస్తుంది.

అలాగని తెలుగుని పూర్తిగా పక్కన పెట్టక్కర్లేదు. సరిపోయేవి సరిగ్గా సరిపోతాయి. "వాష్ వన్స్ హ్యాండ్స్ ఆఫ్" చేతులు దులుపుకోవడమే. "యాడ్ ఫ్యూయల్ టు ద ఫైర్" అగ్నికి ఆజ్యం పోయడం. "బిట్వీన్ ద డెవిల్ అండ్ ద డీప్ సీ" ముందు నుయ్యి, వెనక గొయ్యి. "లివ్ ఫ్రమ్ హ్యాండ్ టు మౌత్" రెక్కాడితే గానీ డొక్కాడదు. "టీచ్ యువర్ గ్రాండ్‌మదర్ టు సక్ ఎగ్స్" తాతకు దగ్గులు నేర్పడం. ఇలాంటి జత దొరికిన ఇడియం మళ్ళీ మరిచిపోరు.

జత దొరకనివాటికి వెనక ఉన్న కథ పట్టుకోండి. "క్యారీ కోల్స్ టు న్యూకాజిల్" చూడండి. న్యూకాజిల్ ఇంగ్లండులో బొగ్గు ఎగుమతికి పేరుపడ్డ రేవు. అక్కడికి బొగ్గు మోసుకుపోవడమంటే చీమకుర్తికి గ్రానైటు లారీ తోలుకుపోవడమే, అంటే పనికిమాలిన శ్రమ. "మీట్ వన్స్ వాటర్లూ" అంటే చివరికి ఓడిపోవడం, 1815లో నెపోలియన్ ఆఖరిసారి ఓడింది వాటర్లూ దగ్గరే. "క్రాస్ ద రూబికాన్" అంటే ఇక వెనక్కి తిరగలేని అడుగు వెయ్యడం. క్రీస్తుపూర్వం 49లో జూలియస్ సీజర్ సైన్యంతో ఆ నది దాటాక రోమ్‌తో యుద్ధం తప్పలేదు. "ఎట్ ద ఎలెవెంత్ అవర్" బైబిల్లో ద్రాక్షతోట కూలీల కథలోది: పొద్దు గుంకబోయే ముందు పనిలోకి వచ్చినవాళ్ళు. ఆఖరి క్షణంలో అని అర్థం.

మూడోది, ఇడియంలో ఒక్క మాట కూడా మారదు. "ఎట్ ద ఎలెవెంత్ అవర్"లో ఎట్ తీసి ఇన్ పెడతారు. "బర్న్ ద మిడ్‌నైట్ ఆయిల్"లో ఆయిల్ తీసి ల్యాంప్ పెడతారు. "ఇన్ ద నిక్ ఆఫ్ టైమ్", "బై లీప్స్ అండ్ బౌండ్స్" కూడా ఇలాగే మార్చి ఇస్తారు. అర్థం తెలిసినా మాటలు సరిగ్గా తెలియకపోతే ఎర్రర్ స్పాటింగ్‌లో మార్కు పోతుంది.

నోటు పుస్తకంలో ఇడియమ్స్‌ని ఏ నుంచి జెడ్ వరకు వరసగా రాయొద్దు. అలా రాస్తే మొదటి రెండు పేజీలు తప్ప ఏదీ గుర్తుండదు. సందర్భాన్ని బట్టి పేజీలు పెట్టండి. గొడవల పేజీలో "ఎట్ లాగర్‌హెడ్స్", "బోన్ ఆఫ్ కంటెన్షన్", చివర్లో రాజీకి "బరీ ద హాచెట్". డబ్బు పేజీలో "మేక్ బోత్ ఎండ్స్ మీట్". భయం పేజీలో "గెట్ కోల్డ్ ఫీట్". ఒంగోలులో పినాకిని రైలు ఎక్కితే నెల్లూరులో దిగేలోపు రెండు పేజీలు తిరగెయ్యొచ్చు.

తెలియకపోతే పెట్టాలా, వదలాలా?

ఎస్సెస్సీ డిగ్రీ స్థాయి పరీక్ష సీజీఎల్ మొదటి దశ, అంటే టయర్-1లో ఇంగ్లీషు 25 ప్రశ్నలు, 50 మార్కులు. ఒప్పుకి 2, తప్పుకి 0.50 కోత, నాలుగు ఆప్షన్లు. ఏమీ తెలియకుండా పెట్టినా సగటున నష్టం లేదు, లాభమూ పెద్దగా లేదు. పై అడుగులతో రెండు ఆప్షన్లు కొట్టేశాక పెడితే సగటున ఒక్కో ప్రశ్నకి ముప్పావు మార్కు మీ వైపే. బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషు 30 ప్రశ్నలకి 20 నిమిషాలు, ఒక్కోటి ఒక మార్కు, తప్పుకి పావు మార్కు పోతుంది. ఐదు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే లాభం సున్నా. అక్కడ ఒక్క ఆప్షన్ అయినా కొట్టెయ్యలేని ఇడియం బిట్టును వదిలి ముందుకు పొండి; ప్రశ్నకి సగటున 40 సెకన్లే ఉన్నాయి.

ఇప్పుడు మీరే మూడు చెయ్యండి.

ఒకటి: "హార్డ్‌లీ హ్యాడ్ వి క్రాస్డ్ ద పెన్నా బ్రిడ్జ్ ____ ద టైర్ బర్స్ట్." ఆప్షన్లు: దాన్, దెన్, వెన్, దట్.

రెండు: "____ హిజ్ పూర్ హెల్త్, హి వాక్స్ టు ద ఫీల్డ్ ఎవ్రీ డే." ఆప్షన్లు: ఆల్‌దో, డిస్పైట్, డిస్పైట్ ఆఫ్, ఈవెన్ దో.

మూడు: "వెన్ ది ఏజెంట్ ఆస్క్డ్ ఫర్ మోర్ మనీ, మై అంకుల్ పుట్ హిజ్ ఫుట్ డౌన్." అర్థం: ఆ ఊళ్ళో అడుగుపెట్టాడు, ఒప్పుకోనని పట్టుబట్టాడు, అలసిపోయాడు, సాయం చేశాడు.

మొదటిదానికి వెన్, హార్డ్‌లీ కనపడగానే దాన్ కొట్టేసి ఉండాలి. రెండోదానికి డిస్పైట్; "హిజ్ పూర్ హెల్త్"లో క్రియ లేదు కాబట్టి ఆల్‌దో, ఈవెన్ దో రెండూ పోయాయి, ఆఫ్ ఉన్నది ఎప్పుడూ తప్పే. మూడోదానికి పట్టుబట్టడం. మామ కాలు ఎక్కడా పెట్టలేదు, ఏజెంటుకి డబ్బులూ ఇవ్వలేదు.